మడత వైపు

డులూత్‌లో మార్చి. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
చివరి పీరియడ్. ఇరవైమూడు మంది ఆరో తరగతి పిల్లలు,
పదకొండు కత్తెరలు,
ఎవరి చెవి మీదో మెరుపు పొడి.

మడత వైపు కొయ్యొద్దని మూడుసార్లు చెప్పాను.
గోటితో రుద్ది చూపించాను,
పూతరేకు మడతలా రావాలి అనబోయి మింగేశాను.

ఆన్సెల్ మడతే కోశాడు.
కార్డు రెండు ముక్కలై చేతుల్లోకి ఊడొచ్చింది.
కొత్త కాగితం తీయబోతుంటే
"వద్దు మిస్, నాకెలాగూ రెండు కావాలి" అన్నాడు.
"ఈ వారం అమ్మ దగ్గర, వచ్చే వారం నాన్న దగ్గర."

పువ్వు నడిమికి తెగింది.
పెదాలు కదుపుతూ రేకులు లెక్కపెట్టాడు.
ఒకవైపు ఒకటి తక్కువ.

ఎర్ర కాగితం అయిపోయింది.
నారింజ రంగు పర్లేదా అన్నాను.
చాలాసేపు ఆలోచించి
నాన్నకైతే పర్లేదన్నాడు.