నల్ల తీగ ముందు

ఉంగరం తియ్యి జోగీ.
మొలతాడుకున్న తాయెత్తు కాదు, అది ఉండనీ,
వేలికున్నది తియ్యి.
నా ఎడమచేతి నాలుగో వేలు చూశావుగా,
కణుపు దగ్గర నున్నగా మెరిసే మచ్చ.
పెళ్లైన మూడో నెల
పానా ఎర్ర బుడిపె మీద ఉంది,
పానాకీ ఇంజనుకీ మధ్య ఇరుక్కుంది ఉంగరం.
అంతే.
చెయ్యి వెనక్కి లాక్కోవాలని తోచేసరికే
బంగారం కాగిపోయింది.

కాసిమేడులో రేపు అర్ధరాత్రికి
అరవై ఒక్క రోజుల నిషేధం తీరుతుంది.
ఐసు నలిపే మర చప్పుడు,
డీజిలు పీపాలు దొర్లే చప్పుడు,
వాటన్నిటి మీదుగా గట్టు మీంచి కోదండం గారు:
"ఇంకా ఎంతసేపురా?"
తమిళంలో తొందరపెట్టి
తెలుగులో బతిమాలతాడు ఆయన.
తిట్లు మాత్రం రెంటిలోనూ.

మూత తీసిపెట్టు, పడవ పొట్టలో ఆవిరి పోనీ.
బీడీ నోట్లో ఉన్నవాణ్ని గట్టెక్కమను.
ఇప్పుడు నల్ల తీగ.
విప్పేటప్పుడు ఎప్పుడూ నల్లదే ముందు.
అది ఊడితే ఎర్రది వట్టి తాడు.
అది ఉండగా ఎర్రదాన్ని కదిపావా,
పానా ఎక్కడ తగిలితే అక్కడ నిప్పు.
బిగించేటప్పుడు తిరగేసుకో:
నల్లది చివర,
అందరూ బయటికొచ్చాక తలుపుకి గొళ్లెం పెట్టినట్టు.

వెనకున్న మూడు తీగలకీ
మూడు రంగుల దారం కట్టు.
గుర్తుంటుందిలే అనకు.
గుర్తు, చెమట పట్టిన చేతిలో సబ్బు.

బెల్టు వదిలింది. బోల్టులే వదల్లేదు,
ఉప్పు వాటికి అంత గారాబం నేర్పింది.
కిరసనాయిలు పోసి కూర్చున్నాం.
నువ్వు టీ తెచ్చావు, సగం ఒలికించి.

విప్పి చూస్తే బేరింగు బాగుంది.
బ్రష్షులు ఇంకో ఏడాది వస్తాయి.
రాగి చుట్ట ఎక్కడా నల్లబడలేదు.
మీటరు పెడితే తెలిసింది:
ఆరు డయోడ్లలో నాలుగు
రెండు పక్కలా తలుపులు బార్లా తీసిన ఇళ్లు.
ఎవరైనా వస్తారు, ఎవరైనా పోతారు.

"ఇవెలా పోతాయి మేస్త్రీ?" అన్నావు.

నిన్న సాయంత్రం
ఇంజను తిరుగుతుండగా
బ్యాటరీ తీగ పీకి చూపించాను కదా,
"చూడు, ఆగలేదు, బతికే ఉంది" అని.
జకరయ్య మేస్త్రి నాకు నేర్పిన పరీక్ష అది.
ఆయన కాలంలో డైనమోలు, మొరటువి,
లాగి ఒకటి ఇచ్చినా తుడుచుకుని తిరిగేవి.
దీని తీరు వేరు.
దోసిలి పట్టి తాగుతున్నవాడు
ఉన్నట్టుండి చేతులు తీసేస్తే
పోస్తున్న నీళ్లు ఎక్కడికి పోతాయి?
ఒక్క క్షణం వోల్టులు ఎగసిపడ్డాయి.
నాలుగు చోట్ల పగిలింది.

నిన్న పడవకున్న జబ్బు బెల్టు వదులు.
ఇవాళ్టి జబ్బు నేను.

నువ్వేం అనలేదు.
పుదుప్పేటకి బస్సెక్కావు, నా డబ్బుతో.
మూడు షాపులు తిరిగి డయోడ్ల పళ్లెం పట్టుకొచ్చావు,
చొక్కాలోపల, పిల్లిపిల్లని దాచినట్టు.

దారాలు చూసుకుని తీగలు కలిపాం.
బొటనవేలితో నొక్కితే
అర అంగుళం దిగేలా బెల్టు బిగించాం.
ఎర్రది. తర్వాత నల్లది.
తాళంచెవి తిప్పితే ఇంజను దగ్గి, ఉమ్మి,
నెమ్మదిగా పాటందుకుంది.
పద్నాలుగు, ఓ పాయింటు అటూ ఇటూ.
నీ చెయ్యి తీగ వైపు వెళ్లబోయి ఆగింది.
చూశాను.

కోదండం గారు నోట్లు లెక్కపెడుతుంటే
బెల్టు పని కూలి మాత్రం తీసుకుని
మిగతాది ఎందుకొద్దో చెప్పాను.
ఆయన ఏ భాషలోనూ తిట్టలేదు.
మచ్చ ఉన్న వేలికేసి కాసేపు చూసి
పడవలోకి దిగిపోయాడు.
తిడితే బాగుండేది.

అర్ధరాత్రి దాటింది. పడవలన్నీ ఒక్కసారే కదిలాయి.
దూరమయ్యాక ఏ దీపం మనదో
నువ్వు చెప్పగలనన్నావు, నేను చెప్పలేకపోయాను.
ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే
జేబులో ఏదో గలగలమంది.
నీ ఉంగరం, జోగీ.
రేపు అడుగు.