రేకు అంకెలు

బోర్డుకి మూడే మేకులు.
రేకు అంకెలు గోనెసంచిలో నా దగ్గర,
తారుతో రాసినవి, పట్టుకుంటే వేళ్ళు తెగేవి.
నాకప్పుడు పదకొండేళ్ళు. రోజుకూలి అర్ధణా.

పొద్దున్న బండికి వాల్తేరు రైలుజట్టు
నెల్లిమర్లలో దిగింది
తెల్ల ఫేంట్లతో, తోలుపెట్టెలతో.
వాళ్ళకి ఆటే ఉద్యోగం.
మా వాళ్ళకి మిల్లు ఉద్యోగం,
దొర ఆడమన్నాడు గనక ఆట.
రాత్రి షిఫ్టు దిగి
జుట్టులో గోగునార దుమ్ముతోనే వచ్చి నిలబడ్డారు.
ఒకడికి బూట్లు లేవు,
ఉన్నవాడికి వాటితో పరిగెత్తడం రాదు.

మధ్యాహ్నం మిల్లు గంట కొట్టేసరికి మూడొందలు.
బంతి ఒకసారి చంపావతి ఇసకలో,
ఒకసారి రెల్లుదుబ్బులో,
ఒకసారి పోలమ్మ పకోడీల మూకుట్లో.
ఒలికిన నూనెకి డబ్బులిస్తే గాని
బంతి ఇవ్వనంది పోలమ్మ.
ఆ పావుగంటే
మా వాళ్ళు నేలమీద కూర్చున్నది.

నాలుగొందల నలభై నాలుగు దగ్గర
సంచిలో వెతికితే నాలుగులు రెండే.
మొదటి మేకు ఖాళీగా ఉంచాను.
అప్పుడే సంతనించి వస్తున్నవాళ్ళు
"ఓలమ్మ, నలబై నాలుగేనేటి! మనోళ్ళు బాగానే ఆపేర్రా!" అని
చప్పట్లు కొట్టేరు.
నేను బోర్డు వెనక దాక్కున్నాను.

ఆఖరికి వాళ్ళే విసుగొచ్చి ఆపేశారు.

తరవాత మా ఆట.
చెప్పడానికి ఎక్కువ లేదు.
మజ్జి సూరప్పడు వెళ్ళాడు, వచ్చాడు.
పతివాడ పైడయ్య వెళ్ళాడు, వచ్చాడు,
ఆగకుండా అటునించటే ఇంటికి పోయాడు.
గట్టుమీద ఆడవాళ్ళు ముందు నవ్వేరు.
నాలుగోవాడు తిరిగొచ్చేసరికి
నవ్వడం మానేసి చీపురుపుల్లలు తుంచుతూ కూర్చున్నారు.

పదకొండు పరుగులు.
అందులో తొమ్మిది వాళ్ళు వదిలేసినవి.

ఆఖరివాడు మా చిన్నాన్న, సన్నాసప్పడు.
బంతి వేసేది ఖరగ్‌పూర్ నించి తెచ్చిన పొడుగాయన.
ఇందాకే నా ముంతలో నీళ్ళు తాగుతూ
వచ్చీరాని తెలుగులో చెప్పాడు,
గెలిచినా ఓడినా తనకి ఎనిమిది రూపాయలని.
చిన్నాన్న చేతులు చూశాడు కాబోలు,
పరుగు తగ్గించి నడిచొచ్చి
చంటిపిల్లకి నిమ్మకాయ దొర్లించినట్టు
వదిలాడు బంతి.

చిన్నాన్న దాన్ని చూశాడు.
కర్ర ఎత్తలేదు.
బంతి నింపాదిగా వచ్చి పుల్లకి ఆనుకుంది.
పైనున్న ముక్క కాసేపు ఆలోచించి పడింది.

"కొట్టలేదేటి చిన్నాన్నా?"
"ఆడి కూలి ఆడికెలాగూ వస్తాది.
ఆడి ముష్టి నాకెందుకురా?"
అది రోషమో,
రాత్రంతా మరమీద నిలబడ్డ మనిషి
కళ్ళు తెరిచే పడుకున్నాడో,
ఈనాటికీ నాకు తెలీదు.

ఆరుకి కూత వేసింది మిల్లు.
ఆ మనుషులే అలాగే లోపలికి పోయారు.
జీతాలనాడు తెలిసింది
ఆటకి పూట కోసేశారని.

ఆ రాత్రి అంకెలు తీయడం మరిచిపోయాను.
తెల్లారి పరిగెత్తి వెళ్తే
మంచులో రెండు ఒకట్లు, తడిగా.
షిఫ్టు దిగిన చిన్నాన్న బోర్డు కింద ఆగాడు.
నన్ను చూడలేదు.
వంకరగా వేలాడుతున్న రెండో ఒకటిని
వేలితో నిలువుగా సర్ది
చేయి గోచీకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.