ఈరన్నకు ఎన్నేళ్లు

రాక్ ఒపేరా అని మేం చెబితే
పెయింటర్ మాబాషా గోడమీద "రాళ్ల నాటకం" అని రాసినాడు.
బేతంచెర్ల నుంచి నాపరాయి పనోళ్లు లారీడు మంది దిగినారు.
కర్నూలు పాతబస్తీ, ఎనభై ఆరు, మొదటి ఆట.

దానికి ముందు క్యాసెట్టు. అరవై నిమిషాలది.
మొదటి వైపు చివర్లో నీళ్లు ఊళ్లోకి వస్తాయి,
ఏడేళ్ల ఈరన్న
గంప కింద కోడిని మరిచొచ్చి ఏడుస్తాడు.
క్యాసెట్టు తిప్పితే
ఇరవై ఏళ్లవాడై లారీ స్టీరింగు మీద తాళం వేస్తాడు.
ఎనభై ఒకటిలో మునిగిన ఊరు,
ఎనభై ఆరులో పాడిన పాట,
నడుమ పదమూడేళ్లు ఎట్ల పట్టినాయని ఎవరూ అడగలే.
టేపు తిప్పడానికి అంత కాలం పడుతుందనుకున్నాం.

తొంభై ఏడులో ఉరుకుందు సారు మాటలు చేర్చినాడు.
తల్లి చావు మూడో పాట.
ఏడుపు ఇంటర్వెల్ దగ్గరుండాలని పదకొండోది చేసినాడు.
పెళ్లి పాటలో ఆమె ఫొటోకు దండ అట్లే ఉండిపాయె,
ఆ ఫొటో కిందే నిలబడి ఆమె తాళిబొట్టు అందించె.
నంద్యాలలో ఒక ముసలాయన లేచి
"ఏమప్పా, సచ్చినామె యాడనుంచి వచ్చె?" అన్నాడు.
"ప్రేమ" అన్నాడు సారు.
చప్పట్లు.

ఇప్పుడు పిల్లకాయలు ల్యాప్‌టాప్‌తో వచ్చినారు.
వరద రెండువేల తొమ్మిదిదంట.
సెల్‌ఫోను వెలుతుర్లో ఈరన్న మిద్దెమీద,
పల్లవిలో మాత్రం టెలిగ్రాము వస్తానే ఉంది.
తీస్తే ప్రాస చెడుతుందంట.
తల్లి వేషం కట్టే తహసీన్ రిహార్సల్లో అడిగింది:
"అంకుల్, నేను సచ్చేటప్పటికి నాకెంత వయసు?"

డ్రమ్ముల పెట్టెలోంచి నోటుబుక్కు తీసినా.
క్యాసెట్టు లెక్కన ముప్ఫై.
సారు లెక్కన యాభై రెండు.
వీళ్ల లెక్కన, కొడుకుకన్నా నాలుగేళ్లు చిన్నది.

పాటలు కట్టింది మద్దిలేటి. ఆ ఊరోడే.
నీ ఈరన్న పుట్టిందెప్పుడురా అని ఒకసారి అడిగినా.
బీడీ ఆర్పి చెప్పినాడు:
"మా బడి రిజిస్టరు నీళ్లలో పాయె.
నందికొట్కూరు హెడ్మాస్టరు నా పళ్లు చూసి,
ఎద్దుకు చూసినట్టు,
ఏదో తేదీ రాసుకున్నాడు.
ఆ తేదీ మీదే ఇప్పుడు పింఛను వస్తాంది."

ఎండాకాలం నీళ్లు దిగితే ఆ ఊరి గోడలు తేల్తాయి.
మొన్న మేలో పోయినాం, ఇద్దరమే.
ఒండ్రులో సగం కూరుకున్న వాళ్ల రాతి గడప మీద నిలబడి
మూడో పాట ఎత్తుకున్నాడు.
నడుమ ఆగి,
"ఇది ముందా, వెనకా?" అన్నాడు.

నాకు తెలిసింది నాలుగు అంకెలే.
కర్రలు తేలేదు. అరచేత్తో గడప మీద
ఒకటి, రెండు, మూడు

నాలుగు రాకముందే వాడు మొదలుపెట్టినాడు.