జర సందు

మూడు ఏద్దామంటె ఒకటి పడ్డది,
హంటర్ రోడ్డు మీద, పట్టపగటి ఎండల.
బండి ఉలిక్కిపడి నిలబడ్డది.
ఎనుక ఆటో ఆయన
మా తాతముత్తాతలందరిని పేరుపేరునా యాదిచేసిండు.

ఎనభై ఆరు మోడల్ ఫియెట్.
కాజీపేటల ఒక రిటైర్డ్ గార్డు దగ్గర కొన్న.
స్టీరింగ్ మెడ పక్కన పొడుచుకొచ్చిన గేరు రాడ్డు
చేతికి అంత సక్కగనే ఉంటది,
లేపితె లేస్తది, గుంజితె వస్తది.
కింద పెట్టె మాత్రం ఇంకేదో ఇంటది.

ఎనుమాముల మార్కెట్ ఎనుక యాకయ్య మేస్త్రి షెడ్డు.
మిర్చి సీజను. గాలే ఘాటు.
తుమ్ముకుంటనే పానా అడుగుతడు,
తుమ్ముకుంటనే
పదమూడు కాదురా పద్నాలుగు, అంటడు.

ఆయనకు ఇనపడది.
పద్దెనిమిదేండ్లకు ఆజంజాహి మిల్లుల చేరిండట.
మగ్గాల మోత రోజింత రోజింత
చెవులను మేసింది.
మిల్లు మూతపడ్డది గని
లోపల మోత మూతపడలే,
అని సారక్క చెప్పింది, చాయ్ గిలాస చేతికిచ్చుకుంట.

అందుకే ఈ షెడ్డుల మాటలు తక్కువ, దెబ్బలెక్కువ.
ఆయన బండి కింద. నేను సీట్ల.
రేకు మీద పానాతోని ఒక్కటి కొడితె ఒకటో గేరు,
రెండు కొడితె రెండు,
అరచేత్తోని చరిస్తె, ఆగు.
నాలుగు కొట్టబోయి నడుమ తుమ్మిండు,
నేను మూడేసిన.
కింద నుంచి ఒక తిట్టు
నా చెప్పుల దాక వచ్చి ఆగింది.

పిన్ను గుంజిండు. రాడ్డు ఊడింది.
ఇప్పుడు గేరు ఎటేసినా ఎటూ పడ్తలేదు,
పోయిన బస్సుకు చెయ్యి ఊపుతున్నట్టున్నది.
"న్యూట్రల్ దొరకాలె ముందుగాల,"
అరిసిండు, షెడ్డు రేకులు అదిరేటట్టు.
"ఎటూ కాని జాగ దొరికితెనే
ఎటు పోవాల్నో తెలుస్తది."

పాత బుష్షు నా అరచేతిల పెట్టిండు.
ఎండిన రేగుపండు లెక్క రబ్బరు,
ఒక దిక్కు అరిగింది.
ఎంత? గోరు మందం.
ఇక్కడ గోరు మందం,
ఆ కీలు కాడ ఇంకో గోరు మందం.
నాలుగు కీళ్లు దాటెటాల్లకు
నేను చెప్పిన మూడు
పెట్టె కాడికి ఒకటై పోతున్నది.

కొత్త బుష్షు ఎక్కింది. పిన్ను ఎక్కలే.
నేను సుత్తె అందుకున్న.
యాకయ్య నా మణికట్టు పట్టుకున్నడు,
గ్రీజు చెయ్యి, సల్లగ.
నట్టు అర చుట్టు తిప్పిండు.
చూసిండు.
పావు చుట్టు ఎనక్కి.
తెలిసిన ఇంట్లకు పిల్లి వచ్చినట్టు
పిన్ను తనంతట తానే లోపలికి పోయింది.

గట్టిగ బిగించమని సైగ చేసిన.
తల అడ్డంగ ఊపిండు.
"జర సందు ఉండాలె బిడ్డా.
యేడెక్కినంక ఇనుము ఉబ్బుతది.
మిల్లుల కూడ గంతే,
మరీ గుంజి బిగిస్తె
తెగేది దారమే, మగ్గం కాదు."

ములుగు రోడ్డు దాక పోయినం, చూసొద్దామని.
పక్క సీట్ల కూసొని
డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించిండు.
ముందు మిర్చి బస్తాల లారీ,
ఎర్రటి దుమ్ము, ఇద్దరికీ కండ్లల్ల నీళ్లు.
ఒకటి. రెండు.
మూడు,
ఆ చిన్న టక్కు నేను ఇనకముందే
ఆయన అరచెయ్యి లేసింది డాష్‌బోర్డు మీద నుంచి.

రివర్సు ఇంక మొండికేస్తనే ఉన్నది.
చెప్పిన, సైగలతోని.
"ఎనక్కి రావాల్సిన పని లేని జాగల
ఆపుకో," అన్నడు.
ఐదు వందలిస్తె యాభై తిరిగిచ్చిండు,
ఎందుకో అడగలే.

బయలుదేరంగ
బానెట్టు మీద రెండు దెబ్బలు కొట్టిండు.
పోయిరా అననా, రెండెయ్యమననా
తెల్వలే.
రెండేసిన.
బండి జర వణికింది,
కదిలింది.