అంకీస సెంటరు, మూడో గది

మార్చి ఎండ పదింటికే కిటికీ చువ్వల్ని కాల్చి పెడుతుంది.
బడి చుట్టూ వంద మీటర్ల దాకా సున్నంతో గీత గీశారు.
తొమ్మిదింటికల్లా మేకలు దాన్ని తొక్కేసి పోయాయి.
ఈ ఏడు కాపీ ఉండొద్దని జిల్లా నుంచి కాగితమొచ్చింది,
ఆ ఒక్క కాగితానికీ
ముప్పై కాపీలు తీసి
గది గదికీ అంటించాం.

పంతొమ్మిదేళ్ళుగా ఇదే నా పని.
చెప్పులు బయట విప్పించడం, ప్యాడ్లు తిరగేయడం,
కంపాసు పెట్టె మూతలో, అరచేతి చెమటలో
కరిగిపోతున్న సూత్రాల్ని వెతకడం.
ఏడాదంతా లెక్కల సారు పోస్టు ఖాళీ.
కాపలాకు మాత్రం నలుగురం,
ఒక పోలీసు, ఒక కెమెరా.

మొన్న గోడవతలి మేనమామ ఎవరో
రాయికి చుట్టి విసిరిన చిట్టీ
ఫ్యాను రెక్కకు తగిలి నా బల్లమీదికే వచ్చింది.
విప్పి చూశాను. మూడో ప్రశ్నకు జవాబు.
తప్పు జవాబు.
అయినా కవర్లో పెట్టి లక్క సీలు వేశాం.

ఇవాళ, ఆఖరి బెంచీ. దుర్గం సారిక.
తెల్లారకముందే ఇప్పపూలు ఏరి వచ్చినట్టుంది,
జవాబు పత్రం కూడా ఆ వాసనే వేస్తోంది.
చున్నీ అంచు ముడి మాటిమాటికీ విప్పుతోంది.
చెయ్యి చాపాను.
ఏడవలేదు. ఇచ్చేసింది.

అగ్గిపెట్టె అట్టంత కాగితం.
అక్షరాలు బాలబోధవి, చదివితే మా ఇంటి మాట:
స్పష్ట్ కరా అంటే ఇడమర్చి చెప్పు.
కారణే ద్యా అంటే ఎందుకో చెప్పు.
థోడక్యాత్ అంటే జెరంత.
అంతే. ఒక్క జవాబూ లేదు.

జవాబులు తెచ్చుకున్న వాళ్ళని ఎందరినో పట్టాను గాని
ప్రశ్నలు తెచ్చుకున్న పిల్లను
ఇదే చూడటం.

నా పదో తరగతిలో 'సవిస్తర్' అంటే ఏంటో
అడగడానికి సిగ్గుపడి
ఎనిమిది మార్కులు వదిలేశాను.
ఇప్పటికీ ఆ మాట వింటే చెవులు వేడెక్కుతాయి.

జీపు చప్పుడు. గదంతా ఆకురాలినట్టు గలగల.
గట్టు వారబ్బాయి ఏదో మింగి మంచినీళ్ళడిగాడు.
ఖోబ్రాగడే సారు గుమ్మంలోనే నిలబడి
ఏమైనా దొరికిందా అన్నాడు మరాఠీలో.
'నాహీ' అన్నాను.
జేబులో ఆ కాగితం
బీడీ నిప్పులా ఉంది.

నిరుడు ఇదే గదిలో
ఒక్క సూత్రం, ఒకే ఒక్క వరుస, దొరికిందని
కావెర్ల పోశెట్టిని లేపి పంపించాను.
ఇప్పుడు ఇసుక ట్రాక్టరు నడుపుతున్నాడు.
ఎదురైతే బండి ఆపి దిగి మరీ నమస్తే పెడతాడు.
తిట్టినా బాగుండేది.
వాడి చిట్టీని నేను అంత నిదానంగా చదవలేదు.

గంట కొట్టారు. పోచం గోడవతలి చిట్టీలన్నీ ఊడ్చి
పొయ్యిలో పెట్టాడు. మూడు గంటల మా కాపలా
నాలుగు చాయలకు సరిపోయింది.
రూలు ప్రకారం చేశానా? లేదు.
న్యాయం చేశానా? పోశెట్టిని అడగాలి.

గేటు దగ్గర ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది,
ప్యాడు గుండెకు ఆనించుకుని.
"సార్, రేపు భూగోళం పేపరు.
నా కాగితం?"
చెయ్యి చాపింది,
పొద్దున నేను చాపినట్టే.