అచ్చిరాదు

మా ఇంటికి గుమ్మడి అచ్చిరాదు.
కాపురానికొచ్చిన మూడోనాడు
ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో చూపించి
ఆ వెంటనే చెప్పింది అత్త.
కొనుక్కుని తినొచ్చట, చుట్టాలు తెస్తే వండొచ్చట,
విత్తు మాత్రం మన చేత్తో మన మట్టిలో పడకూడదు.
పడితే?
"పడితే ఏటి, మనిషి పోతాది."

పందొమ్మిదేళ్లు
ఆ ఖాళీ జాగా మీద తీగ కట్టి
బట్టలారేసుకున్నాను.

పర్లాకిమిడిలో మా వీధికి రెండు భాషలు, ఒకటే కాలవ.
గోడకవతల కుంతలా నానీ ఏటా పాదు పెడుతుంది.
అక్కడ దాని పేరు కఖారు.
ఒడియాలో ఉన్నంతసేపు
దానికి ఎవర్నీ చంపే అలవాటు లేదు.
బియ్యప్పిండిలో ముంచి వేయించిన పువ్వులు
గోడ మీంచి పళ్లెంలో వచ్చేవి,
అంచులు కరకరలాడుతూ.
నేను తినేదాన్ని. అత్తా తినేది.
పళ్లెం ఉత్తిగా పంపకూడదని
ఇంత బెల్లం ముక్క వేసి పంపేది.

చినమ్మడు కథ నాకు ముక్కలుగా దొరికింది.
మా మామగారికి పెద్దతల్లి. పదిహేడేళ్లు.
తను పెట్టిన పాదుకి తొలికాయ దింపిన రోజే
పోయిందని అందరూ చెప్పేవారు.
నొప్పులు మూడు రోజులని
ఒక్కరూ చెప్పేవారు కాదు.
నిరుడు వానల్లో, కరెంటు పోయిన రాత్రి,
దీపం ముందు చింతపిక్కలు తీస్తూ
అత్తే జారవిడిచింది:
"మహేంద్రతనయ దాటితే డాట్రున్నాడు. బండీ ఉంది.
ఎడ్లు అలిసిపోనాయన్నారట."
ఆ తర్వాత పిక్కలు పళ్లెంలో పడే చప్పుడే.

ఎడ్లని అడగలేక
బండిని అడగలేక
అరుగు మీద చుట్ట కాల్చుకుంటున్న మగాళ్లని అడగలేక
తీగని అడిగారు.
తీగ జవాబు చెప్పలేదు.
నేరం ఖాయమైపోయింది.

సంతలో నాలుగు విత్తులు కొన్నాను.
కొంగున ముడేసుకుని రెండు వారాలు తిరిగాను.
రెండో వాన పడ్డాక బట్టల తీగ విప్పేసి
గోతిలో పేడ వేసి పాతాను.
అత్త చూసింది. ఏమీ అనలేదు.
ఆ రాత్రి నుంచి ఇంట్లో ఎవరు దగ్గినా
ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్లం.

శ్రావణంలో సింహాద్రికి జ్వరం.
పగలంతా మోటార్లకి రాగితీగ చుట్టే మనిషి
రాత్రి రెండు దుప్పట్లు చుట్టుకుని వణికాడు.
చెప్పకూడదు గానీ చెబుతాను,
కొడవలి తీసుకుని పెరట్లోకి వెళ్లాను.
బళ్లో పిల్లలకి
దోమ బొమ్మ గీసి పాఠం చెప్పేదాన్ని.
మొదలు దగ్గర, వేలంత లావు, నూగు నూగు కాడ,
దానికి కొడవలి ఆనించి నిలబడ్డాను.
చెయ్యి నాది కాదు.
ఎంతసేపో తెలీదు.
వెనక నుంచి అత్త:
"దాన్ని కోసీసి ఏటి సేత్తావు,
ఆటోని పిలు."

ఆసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు.
నాలుగోనాడు గంజి తాగి
ఉప్పు చాల్లేదని విసుక్కున్నాడు.

బతికాడు కనక గెలిచానని రాయను.
పోయి ఉంటే
పాదు పాపం ఏమీ లేదని
నిలబడి అనగలిగేదాన్నా?
భయం ఇంకా ఇంట్లోనే ఉంది,
ఉప్పు డబ్బా పక్కన.

ఇప్పుడు తెల్లారకుండానే లేచి
మగపువ్వు తుంచి, రేకులు వలిచి,
ఆడపువ్వు గుండెకి పుప్పొడి రాస్తాను.
నానీ నేర్పింది.
పెళ్లినాటి కంటే పసుపు నా చేతులకి.

ఆడది గుమ్మడికాయ పగలగొట్టకూడదని
ఇంకో మాట కూడా ఉండేది మా ఇంట్లో.
తొలికాయ అత్తే కొట్టింది, కత్తికి రెండు దెబ్బలు.
గింజలు విడిగా తీసి, కడిగి,
బూడిదలో దొర్లించి చేటలో పరిచింది.
ఎందుకని అడిగితే
"కాకులొస్తాయి, సూస్తండు" అని
లోపలికి పోయింది.