వాషర్

మూసారాంబాగ్ వంతెన దిగువన
గోడకు కొట్టిన రేకు మీద రెండు జెండాలు.
ఒకటి మనది. ఇంకోటి ఎండకు వెలిసి
ఆ దేశమే వచ్చి చూసినా తనను తాను పోల్చుకోలేదు.
దాని కింద నల్లా.
నల్లా కింద పన్నెండు బిందెలు, ఒక పెయింట్ డబ్బా.

నా చేతిలో ట్యాబ్. మెడలో తాడు, తాడుకు నా ఫొటో.
రోజుకు ఎనిమిది వందలు, పగటన్నం నాదే.
నలభై ఒక్క ప్రశ్నలు.
"ఐదేండ్లలో మీ ఇంటి ఆదాయం
పెరిగిందా, తగ్గిందా, అట్లనే ఉన్నదా?"

షాహెదా బీ బిందె తోముతూనే ఉంది.
"గాజులకు రాళ్లు అంటిస్త బేటా.
డజనుకు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. రాస్కో."
రాసుకున్నాను: అట్లనే ఉన్నది.

"మునుపు ట్యాంకర్ కోసం రాత్రి మూడింటికి లేస్తుంటి.
ఇప్పుడు అజాన్ దాకా పంటున్న.
అదీ రాస్తవా?"
పైకీ కిందికీ వెతికాను.
నిద్రకు గడి లేదు.

మోటరు వాళ్ల దేశం నుంచే ఓడెక్కి వచ్చింది.
రెండో ఏడే మొరాయించింది.
చెడింది వేలెడంత లేని రబ్బరు వాషరు.
ఉత్తరాలు పోయాయి, ఉత్తరాలు వచ్చాయి.
నిపుణుడొకాయన విమానంలో దిగి
బంజారాహిల్స్ హోటల్లో నాలుగు రాత్రులు పడుకుని
వాషరు అరిగిందని తేల్చి పోయాడు.
ఆఖరికి పంక్చర్ల గౌస్
పాత సైకిల్ ట్యూబు కత్తిరించి బిగించాడు.
ఇరవై రూపాయలు. అదీ ఉద్దెర.
ఇప్పటికీ తిరుగుతోంది.

దీన్ని ఏమని రాయాలి?
సాయం పనిచేసిందనా, గౌస్ పనిచేశాడనా?
ఆఫీసు గోడ మీద సారు గీసిన బొమ్మ ఉంది.
అడ్డంగా డాలర్లు, నిలువుగా వృద్ధి,
నడుమ బెల్లం జాడ తప్పిన చీమల్లా చుక్కలు.
అందులో మనదీ ఒక చుక్క.
షాహెదా బీ రెండు గంటల నిద్ర
దానికి బరువో, తేలికో.

నిజం చెప్పాలంటే
నాకు తెలిసి పెరిగింది నేనే.
పోయిన సర్వేతో బిడ్డ ఫీజు కట్టాను.
ఈ సర్వేతో ఫ్రిజ్ కిస్తీలు తీరుతాయి.
నన్నెవరూ లెక్కలో వేయలేదు.
నేనూ చెప్పలేదు.

నలభై ఒకటో ప్రశ్న:
"ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"
బిందె చంకకెత్తుకుంది ఆమె.
"గా దేశంల ఆడోళ్లు ఎప్పుడన్న లైన్ల నిలబడ్డరా?
వాళ్లకెవరు ఇచ్చిండ్రు?"

టైపు చేశాను.
తెర మీద ఎర్రక్షరాలు: అంకెలు మాత్రమే.

మూసీ గాలి గుప్పున కొట్టింది.
వెనుక నుంచి ఎవరో "జరగన్నా" అన్నారు.
జరిగాను.
పెయింట్ డబ్బా ముందుకొచ్చింది.